లోపలి గడియ

మా అన్నయ్య వడ్రంగి. మా వీధిలో సగం ఇళ్లకు తలుపులు బిగించింది ఆయనే. నా గది తలుపుకున్న లోపలి గడియ ఊడదీసింది కూడా ఆయనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు గడియ వేసుకుని ఫోన్లో మాట్లాడాను. అంతే. మర్నాడు స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చి గడియ విప్పేశాడు. బొక్కల్లో రంపపు పొట్టు, జిగురు కలిపి కూరి, పైన రంగు కూడా వేశాడు. పనిమంతుడు మరి!

"ఇంట్లోవాళ్ల దగ్గర గడియేమిటే?" అంది అమ్మ.

ఇక నా గది అందరికీ దారి అయింది. నేను బట్టలు మార్చుకుంటుంటే వదిన వచ్చి బీరువా సర్దుతుంది. పడుకుంటే అమ్మ వచ్చి నిద్రపోయానో లేదో వంగి చూస్తుంది. తీరిగ్గా ఏడుద్దామన్నా చోటు లేదు. నేను పళ్ల సెట్లు చేసే ల్యాబ్‌లో పనిచేస్తాను. ఊళ్లో ఎంతోమంది నా చేతి పళ్లతోనే నములుతున్నారు. ఇంట్లో మాత్రం నేను నోరు తెరిస్తే "మహా చెప్పొచ్చావులే" అంటారు.

అందుకే పరాయి దేశంలో అలాంటి ల్యాబ్‌లోనే పని వెతుక్కున్నాను.

"రెండేళ్లు చేసి వచ్చెయ్" అన్నాడు అన్నయ్య.

"రావడానికి వెళ్లడం లేదు. అక్కడే ఉండిపోతాను."

"ఇక్కడ నీకేం తక్కువైంది?"

"గడియ."

అన్నయ్య పగలబడి నవ్వాడు. "గడియ కోసం దేశాలు పట్టి పోతుందట, విన్నావా!" అని వదినను కూడా పిలిచి నవ్వించాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

చివరికి ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. అక్కడ స్థిరపడ్డ మా పెద్దమ్మ కూతురి ఇంట్లోనే ఉండాలట. అమ్మ ఏడుపు భరించలేక సరేనన్నాను.

అక్క విమానాశ్రయానికి వచ్చి ఆప్యాయంగా ఇంటికి తీసుకెళ్లింది. ఉతికిన దుప్పటి, కిటికీలోంచి ఎండ. గది చూడగానే ప్రాణం లేచొచ్చింది. తలుపు మూసి గడియ కోసం చెయ్యి చాపాను. వేళ్లకు బొక్కలు తగిలాయి. కొత్తవి. కింద నేల మీద చెక్కపొడి ఇంకా అలాగే ఉంది.

"అక్కా, గడియేది?"

"నిన్ననే మీ బావ తీసేశారే. మీ అన్నయ్య వీడియో కాల్లో దగ్గరుండి చెప్పాడు, తలుపు దెబ్బతినకుండా ఎలా విప్పాలో. నీకు గడియ వేసుకునే అలవాటు లేదటగా!"

దేశం దాటి వచ్చినా అన్నయ్య స్క్రూడ్రైవర్ నాకంటే ముందే వచ్చి కూర్చుంది. ఒళ్లంతా భగ్గుమంది. విప్పని పెట్టె విప్పనట్టే పట్టుకుని గుమ్మం దాటాను.

"అన్నమైనా తిని వెళ్లవే! మీ అన్నయ్యకి నేనేం చెప్పను?" అంటూ అక్క వెంటపడింది.

"ఆ బొక్కలు పూడ్చడం ఎలాగో కూడా అడుగు. బాగా చెబుతాడు."

ల్యాబ్‌వాళ్లకు ఫోన్ చేస్తే, దగ్గర్లో ఒక ముసలావిడ ఇంటి మేడమీద గది ఇప్పించారు. ఇరుకు గది, కారే కుళాయి. కానీ తలుపుకు లావుపాటి ఇనప గడియ ఉంది. వేశాను. తీశాను. మళ్లీ వేశాను. అన్నయ్య నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. మోగనీ అనుకున్నాను.

అంతలో ఎవరో తలుపు తట్టారు.

"దుప్పటి తెచ్చాను. లోపలికి రావచ్చా?" అంది ఇల్లుగలావిడ వాళ్ల భాషలో. అది ముందే నేర్చుకుని వచ్చాను.

"రండి" అనబోయి మింగేశాను. "ఇప్పుడు వద్దండీ" అన్నాను. ఎందుకు వద్దు, లోపలేం చేస్తున్నావ్, ఎవరితో మాట్లాడుతున్నావ్... ఇక మొదలవుతుందనుకున్నాను.

"సరే, బయట పెట్టి వెళ్తున్నా" అంది. మెట్లు దిగిన చప్పుడు వినిపించింది.

గడియ పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాను. సంతోషంతో కాదు, కోపంతో. నా పేరైనా సరిగ్గా తెలియని ఆవిడ క్షణంలో అనేసిన ఆ "సరే", మావాళ్ల నోట ఇన్నేళ్లలో ఒక్కసారైనా రాలేదు.