పుర్రచేతి కుట్టు

పరీక్ష చెయ్యడానికి బయటి నుంచి వచ్చిన పెద్దాయన, అమ్మాయి కుట్టి తెచ్చిన కోటును తిరగేసి, లైనింగ్ అంచు వెంట బొటనవేలు పోనిచ్చాడు. పోనిచ్చినవాడు ఊరుకోవచ్చుగా? ఆగాడు. కళ్ళద్దాలు సర్దుకుని కోటును కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళాడు.

"ఈ చేతికుట్టు ఎవరిదమ్మా?"

"నాదేనండి," అంది అమ్మాయి.

"కుడిచేత్తో కుడితే టాకా ఇటు వాలుతుంది. ఇవన్నీ అటు వాలాయి. ఇది పుర్రచేతి కుట్టు. నువ్వేమో ఇందాక కుడిచేత్తో సంతకం పెట్టావు."

బల్ల అవతల, పరీక్షకుల వరసలో కూర్చున్న ఆ అమ్మాయి పిన్ని గుండెల్లో రాయి పడింది. ఈ ఫ్యాషన్ డిజైన్ కాలేజీలో పుర్రచెయ్యి ఎవరిదని అడిగితే వాచ్‌మన్ కూడా ఆవిడనే చూపిస్తాడు. పిల్లలు చాటుగా పిలుచుకునే పేరే పుర్రచేతి మేడమ్. పైగా ఈ అమ్మాయి సొంత అక్క కూతురు, చదువు కోసం ఆవిడ ఇంట్లోనే ఉంటోంది. ఇంకేం కావాలి?

ప్రిన్సిపాల్ నెమ్మదిగా ఆవిడ వైపు తిరిగాడు. డిపార్ట్‌మెంట్ హెడ్‌గా ఆవిడ పేరు రాసి పైకి పంపింది ఆయనే. టైలర్ షాపులో గుండీలు కుట్టడంతో మొదలుపెట్టి, గార్మెంట్ ఫ్యాక్టరీలో ప్యాటర్న్‌లు కత్తిరించి, డిజైనరై, పాఠాలు చెప్పేదాకా వచ్చిన మనిషి. 'ఇంటిపిల్లకి కోటు కుట్టిపెట్టింది' అన్న ఒక్క మాట చాలు, ఇన్నేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరు కావడానికి.

తను కుట్టలేదు. ఆ సంగతి తనకు తెలుసు. మరి ఆ టాకాలు? ఏ ఒక్కటి చూసినా తనదే. అప్పుడు తట్టింది. ఇంట్లో అల్మారా నిండా ఫ్యాక్టరీ రోజుల్లో కుట్టుకున్న పాత కోట్లున్నాయి. ఈ మహాతల్లి వాటిలో ఒకదానికి కొత్త కాలర్ వేసి పట్టుకొచ్చేసింది కాబోలు. కోపం నషాళానికి అంటింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని తెలిసీ నోరు తెరిచింది.

"ఆ కుట్టు నాదేనండి. కానీ నేను దీని కోసం కుట్టలేదు. నాకు తెలియకుండా నా పాత కోటు తెచ్చుకుంది. మీరేం చర్య తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు."

అమ్మాయి పిన్ని ముఖంలోకి చూసింది. ఏడవలేదు, బతిమాలలేదు. చూసిందంతే.

పెద్దాయన మాత్రం తొందరపడే రకం కాదు. సూదీ దారం, ఓ గుడ్డముక్క బల్ల మీద పెట్టాడు. "ఏదీ, కుట్టమ్మా."

అమ్మాయి కుడిచేత్తో గుడ్డ పట్టుకుని, ఎడమచేత్తో సూది అందుకుంది. మొదటి టాకా పడింది. దాని పక్కన ఇంకొకటి, ఇంకొకటి. అన్నీ అటే వాలాయి. పిన్ని కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయింది. చిటికెనవేలు పైకెత్తి దారం లాగడం కూడా అచ్చం తనలాగే.

పెద్దాయన ఆ ముక్కను కోటు పక్కన పెట్టి చూసి, ప్రిన్సిపాల్‌కి చూపించాడు. "కోటు ఈ అమ్మాయిదే. అనుమానం అక్కర్లేదు." సంతోషంగా పిన్ని వైపు తిరిగాడు. "అచ్చు మీ చెయ్యేనండీ. బాగా నేర్పారు."

ఆవిడ మెల్లగా కుర్చీలో కూర్చుంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే ఎలా తీసుకుంటుంది?

"పిన్ని నేర్పలేదండి," అంది అమ్మాయి, దారం తెంపుతూ. "ఎప్పుడడిగినా తీరిక లేదనేది. తను కుట్టుకుంటుంటే వెనక నిలబడి చూసేదాన్ని."