తుంగకి తలంటు

మా మోర్న్ కనెల్ కొండ మీద ఎవరికి జ్వరమొచ్చినా, మోకాళ్లు పట్టేసినా మందు ఒకటే, బే నూనె. లవంగం వాసన వేసే బే చెట్టు ఆకును పెద్ద కాగులో కుక్కి, కింద కట్టెల మంట పెట్టి నూనె దించేవాడు మా ఆయన అక్టేవ్. ఊరి బట్టీ మీద పెత్తనమంతా ఆయనదే. నూనెను ఎవరైనా చిన్న మాటంటే ఆ పూట తిండి ముట్టడు. నన్ను ఎవరేమన్నా మాత్రం శుభ్రంగా తినేవాడు.

మా అమ్మ నాకు వదిలిన నేల చెక్కలో అల్లం వెయ్యాలని నా పంతం. రోజో పట్నంలో హోటల్ గదులు తుడిచీ తుడిచీ నా చేతులకు బ్లీచింగ్ వాసన పట్టేసింది. మందులు వాడకుండా అల్లం పండించే సంఘంలో చేరితే మళ్లీ ఆ గదుల ముఖం చూడక్కర్లేదు. కానీ చెక్కంతా తుంగ. పైకి పీకితే గడ్డలు లోపలే ఉండిపోతాయి. గడ్డి మందు చుక్క పడిందని తెలిస్తే సంఘం గడప తొక్కనివ్వదు.

నూనె దించేటప్పుడు నీళ్ల అడుక్కి దిగే బరువు నూనె ఒకటుంటుంది. చర్మం మీద పడితే మంట. అది ఒలికిన చోట బట్టీ గుమ్మంలో గడ్డి మాడిపోవడం నేను చూశాను. "దీన్ని సబ్బునీళ్లలో కలిపి తుంగ మీద కొడితే?" అన్నాను. అక్టేవ్ ముఖం వెలిగిపోయింది.

పొద్దున కొడితే మధ్యాహ్నానికి తుంగ మాడిపోయింది. అక్టేవ్ ఊరందరినీ పిలుచుకొచ్చి చూపించాడు. వారం తిరిగేసరికి మాడిన ప్రతి మొదలు నుంచీ కొత్త ఆకు లేచింది, ముందుకంటే పచ్చగా.

అప్పటికే సంఘంలో ఉన్న పై పొలం బెర్తీలియా గట్టు మీద నిలబడి పగలబడి నవ్వింది. "ఫెలీనా వదినా! అన్నయ్య తుంగకి తలంటు పోసినట్టున్నాడే! జుట్టు ఎంత ఒత్తుగా వచ్చిందో చూడు!"

నేనూ నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది. రెండోసారి కొట్టినా అంతే. రమ్ము కొట్లో మగవాళ్లు తమ బట్టతలలకు నూనె కావాలని అక్టేవ్‌ను పట్టుకున్నారు. ఆయన గ్లాసు అక్కడే వదిలి ఇంటికి వచ్చేశాడు.

ఆ ఆదివారం, "నువ్వు చర్చికి వెళ్లు. ఈసారి పాళ్లు మార్చాను, నేనే కొడతాను" అన్నాడు.

తిరిగొచ్చేసరికి చెక్కంతా నూనె వాసన గుప్పుమంటోంది. ఈసారి తుంగ వెంటనే మాడలేదు. మెల్లగా పసుపెక్కి, రోజురోజుకీ వాలిపోయి చచ్చింది. తవ్వి చూస్తే గడ్డలు కూడా కుళ్లాయి. నూనె వేరు దాకా దిగిందని నేనే ఊరంతా టముకేశాను. బుద్ధి గడ్డి తిన్నది నాదే.

అల్లం నాటే రోజున కుద్‌మెన్‌కి ఊరంతా వచ్చారు. మా కొండ మీద ఆ పనికి కూలి ఉండదు, ఒకరి పొలానికి అందరూ వంగుతారు. బెర్తీలియా అందరికంటే ముందే గునపంతో దిగింది. ఉప్పు చేప, ఉడికించిన పచ్చి అరటికాయ తింటూ, "ఓడిపోయాను అన్నయ్యా, నీ నూనెకో దణ్ణం!" అంది. అక్టేవ్ మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

సంఘంలో పేరు రాయించాను. అల్లం మోకాలెత్తు పెరిగాక వాళ్ల తరఫున మిస్ రోషెల్ వచ్చి పరీక్షకు మట్టి తీసుకెళ్లింది. పరీక్షలో గడ్డి మందు ఉందని తేలింది.

సంఘం ముందు మా అమ్మ మీద ఒట్టేశాను. "నా చెక్కలో నూనె తప్ప చుక్క పడలేదు. పై నుంచి వాననీళ్లలో కొట్టుకొచ్చి ఉంటుంది" అని బెర్తీలియా పొలం వైపు వేలు చూపించాను. మందు ఎవరిదో తేలేదాకా రెండు పొలాలనూ సంఘంలోంచి పక్కన పెట్టేశారు.

"నా పిల్లల మీద ఒట్టు వదినా, ఆ మందు డబ్బా మా గడప తొక్కలేదు. ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చింది?" అని బెర్తీలియా అందరి ముందూ ఏడ్చింది. అక్టేవ్ నా పక్కనే కూర్చుని టోపీ అంచు నలుపుకుంటున్నాడు.

ఇంటికొచ్చాక నిలదీశాను. "నువ్వేమీ మాట్లాడవేం?"

"ఆ ఆదివారం గడ్డి మందు కొట్టాను. వాసన తెలీకుండా పైన నూనె చల్లాను."

"నా పొలం గంగలో కలుస్తుందని తెలీదా నీకు?"

"నూనెని చూసి నవ్వారు ఫెలీనా."

ఆయన్ని కొట్టాలనిపించింది. కొట్టలేదు. "నీ నోటితో సంఘంలో చెప్పు. పాపం ఆ పిల్ల మన మూలంగా ఏడుస్తోంది" అన్నాను. సరేనని తలూపాడు.

మర్నాడు సంఘం కూర్చుంది. బెర్తీలియా మూలన నిలబడింది. వెనక బెంచీల మీద రమ్ము కొట్టు మగవాళ్లంతా ఉన్నారు. అక్టేవ్ లేచాడు, వాళ్ల వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"నూనె బాగానే పనిచేసింది. మా ఆవిడకే తొందర. ఆ తర్వాత ఏం కొట్టిందో నాకు తెలీదు."

వెనక బెంచీల్లో తలలు ఊగాయి. నేను లేచి నిజం చెబితే అది మొగుడూ పెళ్లాల తగువు అవుతుంది. అది తేలేదాకా బెర్తీలియా పొలం అలాగే ఉండిపోతుంది. మిస్ రోషెల్ నా వైపు తిరిగింది.

"అవును. నేనే కొట్టాను" అన్నాను.

బెర్తీలియా పొలాన్ని ఆ పూటే తిరిగి చేర్చుకున్నారు. నా పేరు కొట్టేశారు. బెర్తీలియా నా ముందు నుంచే వెళ్తూ కొంగు తగిలితే మైల అన్నట్టు పక్కకు జరిగింది.

బయట అక్టేవ్ టోపీ పెట్టుకుని, "పద, ఇంటికి పోదాం" అన్నాడు.

నేను రోజో బస్సెక్కాను.