వేడెక్కని లైను

పోయినవాళ్ళు రాసిన ప్రోగ్రాం అచ్చు తీస్తే కాగితం వెచ్చగా ఉంటుంది కదా, ఆ ఆఫీసులో అందరూ టీ గ్లాసులు వాటి మీదే పెట్టుకుంటారు. పాత ప్రింటరు ప్రోగ్రాం పీకి పారేసిన రోజున, దాన్ని రాసిన ముసలాయన కాగితాలు ఒక్కసారిగా చల్లబడ్డాయి. టీ చల్లారిపోతోందని రెండ్రోజులు గొణిగారు. ముసలాయన కోసం ఎవరూ గొణగలేదు.

తమ్ముడి కాగితాల మీద మాత్రం అక్క ఎవరినీ గ్లాసు పెట్టనివ్వదు. పొద్దున్నే వచ్చి అరచెయ్యి ఒకసారి ఆనించి, పనిలో కూర్చుంటుంది. వాడు పోయి ఎనిమిది నెలలు. మొదటి పేజీ అమ్మ దగ్గరుంది. దాన్ని చెంప కింద పెట్టుకుంటే తప్ప ఆవిడకు కునుకు పట్టదు.

వాడు రాసింది డ్రైవరు. ఆసుపత్రి మంచం పక్కన గుండె వేగం చూపించే పెట్టెకూ, రోగి ఒంటిమీది తీగకూ మధ్య మాటలు మోసే ప్రోగ్రాం. మూడు వారాల కిందట ఆసుపత్రుల్లో పెట్టినప్పటినుంచీ ఆ పెట్టెలు ఉన్నట్టుండి చచ్చిపడి, నలభై సెకన్లకు లేస్తున్నాయి. ఫోన్ చేసిన నర్సు దులిపేసింది. రోగిని పక్కకు తిప్పడానికి తీగ లాగినప్పుడల్లా ఇదే గోలట.

"ఆ నలభై సెకన్లూ నేనే మణికట్టు పట్టుకుని లెక్కపెట్టానమ్మా. నా వేళ్ళు చాలు, మీ పెట్టె మీరు పట్టుకుపోండి."

మేనేజరుకు తప్పెక్కడో వెతికే శ్రమ అక్కర్లేదు. రికార్డులో ప్రతి లైను పక్కనా తమ్ముడి పేరే ఉంది. తప్పు అతనిదని రాసి, డ్రైవరు మొత్తం తీసేసి, కొత్తది రాయిద్దామన్నాడు. సాయంత్రానికి రిపోర్టు కావాలన్నాడు.

"పోయినవాడికి ఉద్యోగం పోదు కదమ్మా," అన్నాడు, పెద్ద ధర్మప్రభువులా.

తీసేస్తే అమ్మ చెంప కింది కాగితం చల్లబడుతుంది. ఆ మాట అక్క అనలేదు. ఆఫీసులో ఉన్న పెట్టెకు తీగ గుచ్చింది, లాగింది. ఇరవైసార్లు లాగితే ఏడుసార్లు పెట్టె పడిపోయింది. పడిన ప్రతిసారీ అది చివరగా కక్కిన అక్షరాలు ఒకే చోటు చూపించాయి. తీగ ఊడాక కూడా టైమరు కొట్టుకుంటూనే ఉంది, తిరిగి ఇచ్చేసిన మెమరీ జాగాలో చెయ్యి పెడుతోంది. ఇల్లు ఖాళీ చేసి తాళాలిచ్చేశాక పాలవాడికి పాలు వద్దని చెప్పినట్టుంది వ్యవహారం. ముందు టైమరు ఆపాలి, తర్వాత జాగా వదలాలి. ఇంత చిన్న సంగతి వాడికి తెలియదా?

చివరి పేజీ పరిచి, లైను లైనుకూ వేలు జరిపింది. వెచ్చన. వెచ్చన. జాగా వదిలే లైను దగ్గర వేలికి చల్లగా తగిలింది.

బతికున్నవాళ్ళ లైను.

వాడు ఆసుపత్రిలో ఉండగా, పూర్తయిపోయింది, పంపించెయ్యి చాలు అన్నాడు. వాడి కుర్చీలో, వాడి పేరుతోనే కూర్చుని పంపింది. ఊరికే పంపొచ్చుగా? ఒకరి అల్మరా కనిపిస్తే సర్దకుండా ఉండలేని చేతులాయె. చూడ్డానికి ముద్దుగా ఉంటుందని ఆ లైను చెరిపి, రెండు లైన్ల పైన, టైమరు ఆపే లైనుకు ముందు, తనే మళ్ళీ కొట్టింది.

కాగితం మీంచి వేలు తియ్యడానికి చాలాసేపు పట్టింది.

అప్పుడు లైను కిందికి దించి, నూరుసార్లు తీగ లాగింది. పెట్టె ఒక్కసారీ పడలేదు. తప్పు తనదేనని రిపోర్టు రాసి, తీసుకెళ్ళి మేనేజరు ముందు పెట్టింది.

"ఎవరూ అడగలేదు కదమ్మా," అన్నాడతను, గొంతు తగ్గించి. "నీ పేరు రాస్తే నిన్ను ఉంచలేను."

"డ్రైవరు ఉంచండి," అంది అక్క. మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

చివరి పేజీ ఇంటికి తెచ్చి అమ్మ చేతికిచ్చింది. ఉద్యోగం సంగతీ చెప్పింది. అమ్మ కాగితం ఒళ్ళో పరుచుకుంది. చదవడం రాదు, గుడ్డివాళ్ళు మొహం తడిమినట్టు కాగితమంతా తడిమింది. కింద ఒకచోట వేలు ఆగింది.

"ఇక్కడొక్కటి చల్లగా ఉందేమే?"

"అది నాదమ్మా."

అమ్మ ఆ లైను మీద అరచెయ్యి కప్పి, చాలాసేపు అలాగే ఉంచింది. లైను వేడెక్కలేదు.

"దీన్నిలాగే ఉండనియ్యవే," అంది. "నేనున్నన్నాళ్ళూ ఇలాగే ఉండనియ్యి."