ఆరో నిమిషంలో కనిపించిన మనిషి

ఫర్జానా వీడియో తీయాలంటే ముందు ఏసీ ఆపాలి. ఆపకపోతే దాని మోతలో ఆమె గొంతు సగం కొట్టుకుపోతుంది. ఆపితే రియాద్‌లో మలాజ్ పేటలోని ఆ రెండు గదుల ఇంట్లో పది నిమిషాలకే దుపట్టా తడిసి మెడకు అంటుకుంటుంది. పై అంతస్తులో ఎవరైనా టీవీ పెట్టారంటే పొయ్యి కట్టేసి కూర్చోవాలి. ఒకసారి అట్లా కూర్చోకుండా తీసిన గుత్తివంకాయ వీడియోలో వెనకాల సినిమా పాట ఒక చరణం వినబడింది. ఆ పాట హక్కులున్నవాళ్ళు ఫిర్యాదు చేశారని సైటువాళ్ళు వీడియో మొత్తాన్ని మూగచేసి పెట్టారు. అప్పటినుంచి పైవాళ్ళు డ్యూటీకి పోయాకే ఆమె వంట మొదలవుతోంది.

ఆమెది కదిరి. భర్త బాబావలి రియాద్‌లో ఒక మందుల గోదాములో స్టోర్‌కీపరు. కూతురు చదువుకని ఇండియాకు వెళ్ళిపోయాక, పగలంతా పలకరించే మనిషి లేక ఫర్జానా ఈ ఛానల్ పెట్టింది. నాలుగేళ్ళలో చూసేవాళ్ళు అరవై వేలు దాటారు. ఛానల్ మాత్రం బాబావలి పేరు మీదే ఉంది. సిమ్ అతనిది, అక్కడ ఉండటానికి కావలసిన ఆమె ఇకామా కార్డు కూడా అతని ఇకామాకు తగిలించిందే. అందుకే అతనికి మొదటినుంచీ గుండెలో దడ.

"పోలీసులు, ఆఫీసులు, గేట్లు ఏవీ పడకూడదు. మనుషుల మొహాలు అసలే పడకూడదు. ఇది మన ఊరు కాదు మే," అని వారానికోసారి చెప్పేవాడు.

చెప్పకపోయినా ఆమెకు తెలుసు. ఒక అంగడాయన తన మసాలా పొట్లం వీడియోలో చూపించమని అడిగితే, ఇక్కడ ప్రకటన చేయాలంటే లైసెన్సు కావాలని, భర్త ఇకామా మీద ఉన్నవాళ్ళకు అది దొరకదని తెలుసుకుని, దండం పెట్టి పంపించేసింది. బయట తీసిన ప్రతి వీడియోలోనూ దారినపోయే మనిషి మనిషికీ మొహం మసకచేసేది. వంట గంటలో అయిపోయేది. ఆ మసకలు అద్దడానికి రెండు రోజులు పట్టేది. ఫోన్ తెర మీద వేలితో జరుపుతూ జరుపుతూ కళ్ళు మంటలెత్తేవి. ఈ మధ్య ఆ పని తలుచుకుంటేనే ఒళ్ళు బరువెక్కేది. అయినా రెండు వారాలు వీడియో పెట్టకపోతే చూసేవాళ్ళు జారిపోతారన్న భయం ఒకటి వెనక నిలబడి తోస్తుండేది.

చలికాలం ఒక శుక్రవారం ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు క్యారియర్లో సర్దుకుని భార్యాభర్తలిద్దరూ పార్కుకు వెళ్ళారు. ఫర్జానా గడ్డి మీద దుప్పటి పరిచి, బొరుగులు ఎంతసేపు నానాలో, పప్పుల పొడి ఎప్పుడు కలపాలో చెప్పుకుంటూ తీసింది. ఇంటికొచ్చి మొహాలన్నీ మసకచేసింది. అన్నీ చేశాననే అనుకుంది.

ఆ వీడియో బాగా ఆడింది. ఆమె ఛానల్లో ఏదీ అంతమంది చూడలేదు. పొగడ్తలు చదవడానికే తీరిక చాలలేదు. మూడు వారాల తర్వాత, ఆ పొగడ్తల మధ్య రెండు రోజులుగా పడి ఉన్న ఒక కామెంటు ఆమె కంటబడింది.

"అక్కా, ఆరో నిమిషంలో మీ వెనక బెంచీ మీద ఉన్నది నేను. దయచేసి తీసేయండి. చాలా ఇబ్బందిలో ఉన్నాను. షమీమ్."

ఫర్జానా ఆరో నిమిషానికి జరిపి చూసింది. తను బజ్జీ విరిచి చూపిస్తోంది. భుజం పక్కన, బెంచీ మీద ఒక ఆడమనిషి ఒంటరిగా కూర్చుని టీ తాగుతోంది. మెడలో క్లినిక్ కార్డు వేలాడుతోంది. నాలుగు సెకన్లు. పెద్దది చేసి చూస్తే కార్డు మీది గుర్తు కూడా కనబడుతోంది. ఫర్జానా ముందు వీడియో ఎవరికీ కనబడకుండా చేసి, తర్వాత ఆమెకు తన నంబరు పంపింది.

మరునాడు షమీమ్ డ్యూటీ దిగి నేరుగా ఇంటికి వచ్చింది. ముప్పై దాటని మనిషి, మదనపల్లి ఆమె, ల్యాబ్ టెక్నీషియన్. టీ ఇస్తే గ్లాసు పట్టుకుందే కానీ తాగలేదు.

"నువ్వు తీసేసినావు అక్కా, చూసినా. అయితే ఇప్పుడు అది నీ దాంట్లో లేదు," అంటూ ఫోన్ చూపించింది.

ఎవరో ఆ నాలుగు సెకన్లనూ కత్తిరించి, నెమ్మదిగా నడిపించి, ఏడుపు సంగీతం పెట్టారు. 'సౌదీలో మోసపోయిన మన ఆడబిడ్డ, పార్కులే ఈమెకు దిక్కు' అని ఒక మగగొంతు చెబుతోంది. అట్లాంటివి మూడు ఛానళ్ళలో ఉన్నాయి.

"నేను మోసపోయింది ఈడ కాదక్కా," అంది షమీమ్. "పెండ్లిలో. ఫారూఖ్ అని, దమ్మామ్‌లో ఉంటాడు. నేనే అడిగి ఖులా విడాకులు తీసుకున్నా. అయినా డ్యూటీ కాడికి వచ్చి గలాటా చేస్తాంటే, ఉద్యోగం మార్చుకుని, ఎవురికీ చెప్పకుండా రియాద్ వచ్చి పడినా. మా అమ్మకు కూడా ఏ క్లినిక్కో చెప్పలేదు. ఇప్పుడు వాడు ఈ కార్డు చూసి క్లినిక్ పేరు పట్టుకున్నాడు. మొన్న రిసెప్షన్‌కు ఫోన్ చేసి నన్ను అడిగినాడంట."

గోడకు ఆనుకుని నిలబడిన బాబావలి అడిగాడు. "పోలీసులకు చెప్పినావా తల్లీ?"

"వాని మీద చెప్పాలంటే వాడు ఏమన్నా చేసుండాల కదన్నా. ఫోన్ చేసినాడు, అంతే. మాతో పనిచేసే ఆమె మాత్రం, ఈ వీడియో తీసినోళ్ళ మీద పెట్టు కేసు అనింది. అనుమతి లేకుండా తీసినారు కాబట్టి కేసు నిలబడతాదంట." షమీమ్ తల వంచుకుంది. "నాకు మీ మీద కేసు వద్దు. నాకు అవి పోతే చాలు."

ఆమె వెళ్ళిపోయాక బాబావలి తాగని టీ గ్లాసు తీసి పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మనది మనం తీసేసినాం. ఇంగ మనం ఏం చేస్తాం?"

"మిగిలినవి కూడా నేను తీసినవే కదయ్యా."

"అట్లని మనం పోయి వాళ్ళతో తగులుకుంటే, రేపు వాళ్ళే మన పేరు బయట పెడితే? ఆ పాప వద్దనుకున్నా, ఇంకెవరో కేసు పెడితే? ఇకామా రద్దయితే యాడికి పోతాం?"

అతను అన్నదాంట్లో తప్పు లేదు. ఫర్జానా కంచంలో అన్నం పెట్టి అతని ముందుకు జరిపి, తను ఫోన్ తీసుకుని కూర్చుంది.

ముందు షమీమ్ చేతనే ఫిర్యాదు పెట్టించింది. నా అనుమతి లేకుండా నన్ను చూపిస్తున్నారు అని ఫిర్యాదు పెట్టాలంటే ఆ మనిషే పెట్టాలట, వేరేవాళ్ళు పెడితే చెల్లదట. వారం తర్వాత జవాబు వచ్చింది. అందులో కనిపించేది ఫలానా మనిషే అని తేల్చడానికి ఆధారాలు చాలవట. ఎవరికి తెలియకూడదో అతనికి మాత్రం ఒక్క చూపుకే తెలిసిపోయింది.

ఇక మిగిలింది ఒక్కటే దారి. ఆ దృశ్యం నేను తీసింది, నా సొత్తు, వీళ్ళు దొంగిలించారు అని ఫర్జానా హక్కుల ఫిర్యాదు పెట్టడం. షమీమ్ గురించి ఆ ఫారంలో ఒక్క గడి కూడా లేదు. పూర్తి పేరు, చిరునామా, ఫోన్ నంబరు, సంతకం మాత్రం అడిగింది. ఈ వివరాలు అవతలివారికి అందవచ్చని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఇంటర్‌తో ఆగిపోయిన చదువు ఆమెది. ఒక్కో ఇంగ్లీషు వాక్యాన్నీ ఫోన్లో తెలుగు చేసుకుంటూ, అర్థంకాని చోట మళ్ళీ వెనక్కి పోతూ, మూడు ఫారాలు నింపేసరికి రెండు పగళ్ళు గడిచాయి. పేరు దగ్గర ఆగింది. ఛానల్ బాబావలిది, వీడియో తీసింది తను.

"నా పేరే రాస్తా," అంది సాయంత్రం అతను రాగానే. "చిరునామా కదిరిది ఇస్తా. నీ పేరు యాడా రాదు."

బాబావలి చెప్పులు విప్పుతూ ఆగిపోయాడు. "నీ పేరు వస్తే నా పేరు రానట్లా? రాయి, ఏం చేస్తాం," అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ మాటలో కోపం లేదు, అలసట ఉంది.

రెండు ఛానళ్ళలో వీడియోలు నాలుగు రోజుల్లో పోయాయి. మూడోదాన్ని కూడా సైటువాళ్ళు ఆపారు కానీ, ఆ ఛానల్ అతను ఎదురు తిరిగాడు. నేను చేసింది వార్తా వ్యాఖ్యానం, నాకు వాడుకునే హక్కుంది అని జవాబు దాఖలు చేశాడు. పది పనిదినాల్లో కోర్టుకు వెళ్ళినట్టు కాగితం చూపించకపోతే అతని వీడియో తిరిగి పెట్టేస్తామని ఫర్జానాకు ఉత్తరం వచ్చింది. ఏ కోర్టు, ఏ దేశంలో, ఎవరిని పట్టుకోవాలి? ఆమె ఆ ఉత్తరాన్ని అర్థం చేసుకోవడం కోసం నాలుగుసార్లు చదివింది. ఐదోసారి ఇంకేం చేయాలో తోచక చదివింది.

ఎనిమిదో రోజున అతనే ఫోన్ చేశాడు. పేరు భూషణం, విజయవాడ. ఫారంలోని నంబరు పట్టుకున్నాడు.

"ఏంటండీ మేడమ్ గారూ, మీరూ ఛానల్ నడిపేవాళ్ళే కదా, సాటివాళ్ళ మీద ఇలా స్ట్రైక్ వేస్తే ఎలాగండీ? ఇది నాకు రెండోది. మూడోది పడితే ఛానలే ఎగిరిపోద్ది. నేను రోజుకు పది వీడియోలకి గొంతు ఇవ్వాలండి, ఎవరిది ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసుకునే తీరిక ఉంటదా?" మధ్యలో దగ్గాడు. గొంతు నిజంగానే అరిగిపోయి ఉంది.

"మళ్ళీ పెట్టకుండా ఆ ముక్క మీ దాంట్లోనుంచి పూర్తిగా తీసేయండి. అంతే నేను అడిగేది," అంది ఫర్జానా.

"తీసేస్తానండీ. మీరు ముందు స్ట్రైక్ వెనక్కి తీసుకోండి." కాస్త ఆగి గొంతు తగ్గించాడు. "ఇంతకీ ఆవిడ ఎవరండీ? మీకు తెలిసినావిడేనా? ఇంటర్వ్యూ ఇస్తే చక్కగా చేద్దామండీ, ఆవిడ బాధేంటో జనానికి తెలుస్తది."

షమీమ్ ఎందుకు దాక్కుందో చెబితే ఇతను జాలిపడతాడేమో అని ఫర్జానాకు క్షణం అనిపించింది. ఆ జాలినే రేపు పదకొండో వీడియో చేస్తాడని కూడా అనిపించింది.

"ఎవురో నాకు తెలీదు. ఆమెకు మాత్రం బాధ ఏమీ లేదు, డ్యూటీ దిగి టీ తాగుతాండింది," అంది. "ముందు మీరు తీయండి. తీసినాక ఆ గంటలోనే నేను వెనక్కి తీసుకుంటా. ఖురాన్ మీద ప్రమాణం."

అటువైపు భూషణం మళ్ళీ దగ్గాడు. "సరేలెండి," అన్నాడు చివరికి. సాయంత్రం అసరు అజాన్ అయ్యేసరికి, తన ఛానల్లోనుంచి దాన్ని చెరిపేసినట్టు స్క్రీన్‌షాట్ పంపాడు. ఫర్జానా తన మాట ప్రకారం స్ట్రైక్ వెనక్కి తీసుకుంది. అందుకోసం ఇంకొక ఫారం నింపింది.

షమీమ్‌కు ఫోన్ చేసి చెప్పబోయింది. షమీమే ముందు చెప్పింది. ఫారూఖ్ వచ్చాడు. రెండు రోజులుగా క్లినిక్ ఎదుట కారులో కూర్చుంటున్నాడు. దిగడు, మాట్లాడడు. క్లినిక్ మేనేజరు సూడాన్ ఆయన, మంచివాడు. తమ కంపెనీకి ఇంకో ఊళ్ళో ఉన్న శాఖకు ఆమెను మార్చాడు. శుక్రవారమే ప్రయాణం.

బాబావలి గోదాము వ్యాను అడిగి తెచ్చాడు. రెండు సూట్‌కేసులు, ఒక బియ్యం సంచి, కుక్కరు. అతనే మెట్లు దించి వ్యానులో పెట్టాడు. బస్టాండులో షమీమ్ ఏ ఊరి బస్సు ఎక్కాలో బాబావలికి చెప్పబోతుంటే ఫర్జానా ఆపింది.

"మాకు చెప్పొద్దు పాపా. పోర్టరుకు చెప్పు."

షమీమ్ ఆమెను వాటేసుకుంది. "నీ మీద నాకు కోపం లేదక్కా," అంది. కొంచెం ఆగి, "మొదట్లో ఉండింది," అంది.

"ఉంటుంది," అంది ఫర్జానా. బస్సు కదలకముందే భార్యాభర్తలిద్దరూ వెనక్కి తిరిగి వచ్చేశారు.

ఆ తర్వాత ఆమె వీడియో తీయలేదు. తీయకూడదని నిర్ణయించుకున్నదేమీ లేదు. ఏసీ ఆపాలనిపించలేదు, అంతే.

రంజాన్ నెల సగానికి వచ్చాక ఒక మధ్యాహ్నం కదిరినుంచి అక్క హలీమా వాట్సాప్‌లో ఒక వీడియో పంపింది. "ఇది మీ పార్కు మాదిరి ఉండాదే, పాపం ఎవురో ఆడబిడ్డ," అని రాసింది. అదే నెమ్మది నడక, అదే ఏడుపు సంగీతం. ఫర్జానా వెంటనే ఫోన్ చేసింది.

"అక్కా, దాన్ని తీసెయ్. ఎవురు పంపినారు నీకు?"

"మా వీధి గ్రూపులో వచ్చినాదిమ్మే. రెండు నూర్ల మంది ఉండారు దాంట్లో. ఏమయ్యింది?"

"ఆ గ్రూపులో నన్ను చేర్పించు."

గ్రూపులో చేరి ఆమె రాసింది: 'ఈ వీడియో తీసింది నేను. ఇందులో చెప్పింది అబద్ధం. ఆమెను అడక్కుండా తీశాను, నాది తప్పు. దయచేసి అందరూ మీ ఫోన్లలోనుంచి తీసేయండి, ఎవరికీ పంపకండి.'

ఇద్దరు బొటనవేలు బొమ్మ పెట్టారు. గ్రూపు పెట్టినాయన సారీ తల్లీ అని వీడియోను తొలగించాడు. ఎవరో ఉమారాణి అనే ఆమె, 'మీరు ఉగ్గాని ఫర్జానా గారా! మళ్ళీ వీడియోలు ఎప్పుడు పెడతారు మేడమ్?' అని అడిగింది. ఫర్జానా ఆ ప్రశ్నను చాలాసేపు చూసి, జవాబు రాయకుండా, ఇది ఇంకా ఏ ఏ గ్రూపుల్లో చూశారో చెప్పమని ఆమెకు విడిగా రాసింది. ఉమారాణి నాలుగు పేర్లు పంపింది.

ఇఫ్తార్‌కు ఖర్జూరాలు కడుగుతున్న బాబావలి వంటింట్లోనుంచి అడిగాడు. "పోయిందా?"

"ఒక గ్రూపులో పోయింది. ఇంకా నాలుగు ఉండాయి."

అతను ఖర్జూరాల పళ్ళెం తెచ్చి ఆమె పక్కన పెట్టి, కింద కూర్చుని, తన ఫోన్ తీశాడు. "రెండు పేర్లు నాకు చెప్పు. నేను రాస్తా."