పరగడుపు ఉమ్ము

రైల్వేవాళ్ల ట్రాఫిక్ కాలనీ కొళాయికి నీళ్లు రాకముందే రత్నం గుమ్మం ముందు చెప్పుల జతలు చేరేవి. వేలు తెగినవాళ్లు, కాలు కాలినవాళ్లు, మానని పుండుతో నెలల తరబడి తిరుగుతున్నవాళ్లు. రత్నం ముఖం కడుక్కుని, గడప పక్కన పీట వేసుకుని కూర్చునేది. చూపుడువేలు నాలుక మీద అద్ది గాయం మీద రాసేది. పొద్దున్న రాస్తే సాయంత్రం వర్క్‌షాపు సైరన్ మోగేసరికి గాయం మూసుకునేది. మచ్చ కూడా మిగిలేది కాదు.

ఇందులో వింత ఏముందని ఎవరూ అనుకోలేదు. ఒకరికి గొంతు బాగుంటుంది, ఒకరి చేతిలో చేపల పులుసు బాగా కుదురుతుంది, రత్నం ఉమ్ముకి గాయాలు మానతాయి. ఎప్పుడో మొగుడు గణపతిరావు అరచేతిలో ఇనప ముక్క దిగితే కంగారులో రాసింది, అప్పటినుంచీ ఇదే వరస. నియమం ఒక్కటే. రాసేముందు ఆమె నోరు ఎంగిలి పడకూడదు. మంచినీళ్లు కూడా ముట్టకూడదు. ఉమ్మే ఎంగిలి కదా, దానికి మళ్లీ ఎంగిలి ఏమిటని అడిగే బుద్ధి ఇంతమందిలో ఒక్కరికీ పుట్టలేదు.

మొదట్లో నలుగురైదుగురు వచ్చేవారు. ఏడింటికల్లా ముగించి రత్నం చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని తినేది. తర్వాత ఇందా పేట నుంచి ఆటోల్లో, ఊరవతల సాలువా నుంచి సైకిళ్ల మీద రావడం మొదలైంది. గణపతిరావు స్నేహితుడు, వెల్డర్ హరిబాబు, డ్యూటీకి వెళ్లేముందు వచ్చి వాళ్లందరినీ వరసలో నిలబెట్టేవాడు. వరస తరిగేసరికి మూడయ్యేది. చేప, గుడ్డు తింటే ఉమ్ము మైల పడుతుందని ఎవరో అన్నారు, రత్నం మానేసింది. ఆ మూడింటికి పప్పు ఉడికించే ఓపికెక్కడిది? అన్నంలో ఇంత ఊరగాయ కలుపుకుని, ఆ ఒక్క పూటతో సరిపెట్టుకునేది.

విచిత్రం ఏమిటంటే ఆమె బుగ్గలు నిండాయి. చెవుల కింద నుంచి దవడ దాకా ఉబ్బి ముఖం గుండ్రంగా తయారైంది. "మా ఒదిన ముకం కల సూడండి" అని హరిబాబు మురిసిపోయేవాడు. ఇందా బెంగాలీ ఆడవాళ్లయితే లక్ష్మీ ఠాకురు ముఖమే, సాక్షాత్తూ లక్ష్మీదేవే అనేవారు.

కూతురు మీనాకుమారికి మాత్రం ఆ ముఖం చూస్తే భయం వేసేది. బీఎస్సీలో జువాలజీ చదువుకుంది. తండ్రి పోయాక రైల్వేవాళ్లు ఆమెకి ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం ఇచ్చారు, క్వార్టరు నిలిచింది. తిండి చాలక లాలాజల గ్రంథులు ఉబ్బితే బుగ్గలు అలాగే ఉంటాయని ఆమెకి తెలుసు. తల్లి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. బతిమాలి ఓసారి రక్తం తీసి పరీక్ష చేసింది. ప్రోటీను ఉండాల్సిన దానిలో సగం కూడా లేదు.

"అమ్మా, ఉమ్మంటే ఉత్త నీల్లు కాదే" అంది ఆ మధ్యాహ్నం. "కుక్క తన పుండు నాక్కుంటాది, ఆవు దూడని నాకతాది. పాలిచ్చే జంతువులకి ఉమ్ము ఊరీ గ్రంథులుంటాయి. గాయం మూసీది అందులో ఉన్న ప్రోటీను. అమైనో ఆమ్లాలని ఉంటాయి, పూసల్లాటివి. ఆటిని గుచ్చితే ప్రోటీను అవుతాది. గ్రంథి ఆ పూసల్ని నీ రగతంలోంచి తీసుకుంటాది. రగతంలోకి నువ్వు తిన్న పప్పులోంచి, గుడ్డులోంచి రావాల."

"నాను తినకపోయినా ఊరతానే ఉంది కదే."

"నీ కండ కరిగించి ఊరతంది."

రత్నం తన చేతులకేసి చూసుకుంది. "ఈ వయసులో నాకు కండెందుకులే" అని లేచి కంచం తీసుకుంది.

మీనాకి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఊరందరి చర్మం అతకడానికి తన తల్లి అరిగిపోవాలా? ఎవడికోసం?

వైశాఖంలో ఒకరోజు వరస సగంలో ఉండగా రత్నం పీట మీంచి పక్కకి ఒరిగిపోయింది. మీనా అందరినీ పంపించేసి, తల్లిని లోపల పడుకోబెట్టి, రెండు గుడ్లు ఉడకబెట్టింది. ఒకటి ఒలిచి ముక్కలు చేసి నోట్లో పెట్టింది. రత్నం కళ్లు మూసుకునే నమిలింది. ఆరేళ్లయింది ఆమె గుడ్డు రుచి చూసి. రెండోది తనే చెయ్యి చాపి అందుకుంది.

"ఉప్పు తక్కువేసినావే" అంది. మీనాకి ఆ మాట ఎంత హాయిగా వినపడిందో చెప్పలేం.

ఆ హాయి పావుగంట కూడా నిలవలేదు. హరిబాబుని ఇద్దరు మనుషులు పట్టుకుని తీసుకొచ్చారు. గ్రైండింగ్ చక్రం మీంచి కాలుతున్న రవ్వ వచ్చి ఎడమ కంట్లో పడింది. రత్నం గబగబా లేచి వేలు నాలుక మీద పెట్టుకుంది. పెట్టుకుని ఆగిపోయింది.

"మరిదీ, నోరు ఎంగిలి పడిపోనాది."

"ఎంగిలైనా పనిసేస్తాది బాబాయ్" అంది మీనా. "తిన్నాక ఊరిన ఉమ్ము ఇంకా మంచిది. రాయించుకో."

"ఎంగిలి కంట్లో పెట్టుకోమంతావేటమ్మా? నీకు నాయిన లాటోన్ని."

"పోనీ ఆసుపత్రికి పద. నాను తీసికెల్తాను."

"ఎందుకూ? రేపొద్దున్నకి ఒదినుంది కదా" అన్నాడు హరిబాబు. ఇరవై ఏళ్లుగా అతని ఒంటిమీద ప్రతి గాయాన్నీ రత్నమే మూసింది. ఇంకొకర్ని నమ్మాల్సిన పని అతనికెప్పుడూ పడలేదు. తడిగుడ్డ కంటికి అడ్డం పెట్టుకుని ఇంటికెళ్లిపోయాడు.

మర్నాడు అందరికంటే ముందొచ్చాడు. కన్ను పాలలా తెల్లబడిపోయింది. రత్నం పరగడుపున రాసింది. సైరన్ వేళకి గాయం ఎప్పటిలాగే మూసుకుంది. చూపు మాత్రం రాలేదు.

ఆ తర్వాత రత్నం కూతుర్ని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండునని మీనా ఎన్నిసార్లు అనుకుందో. గుడ్డు తీసుకెళ్తే తల పక్కకి తిప్పుకునేది. పప్పు కలిపిన ముద్ద తోసేసేది. ఎవరు ఎప్పుడొస్తారో తెలీదని మూడింటికి తినే ఆ కాస్త అన్నమూ సగం చేసింది. శ్రావణంలో ఒక శుక్రవారం, ఎవరిదో కాలిన మోకాలి మీద వేలు పెట్టి అలాగే కూర్చుండిపోయింది. కాసేపటిదాకా ఎవరికీ తెలియలేదు. ఆ మోకాలు సాయంత్రానికి మానింది.

ఒళ్లు కడిగిన ఆడవాళ్లు "పోయినా ముకంలో కల పోనేదు" అన్నారు. మీనా ఆ చేతులు చూస్తూ కూర్చుంది. చీపురు పుల్లల్లా ఉన్నాయి.

దినాలు అయ్యి డ్యూటీకి వెళ్లిన రోజు ల్యాబులో గాజు పలక పగిలి మీనా వేలు కోసుకుంది. అలవాటు కొద్దీ నోట్లో పెట్టుకుంది. సైరన్ మోగేటప్పటికి వేలు మీద గీత కూడా లేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లారి తలుపు తీస్తే చెప్పులున్నాయి. తల్లి పోతే పీట మీద కూతురు కూర్చుంటుందని వాళ్లకి ముందే తెలిసినట్టు వరసలో నిలబడ్డారు.

మీనా తలుపు వెయ్యలేదు. పొయ్యి వెలిగించి రెండు గుడ్లు ఉడకబెట్టింది. నిన్నటి పప్పు వేడిచేసింది. కంచం తెచ్చుకుని, తల్లి పీట మీదే కూర్చుని, అందరి ఎదుటా తినడం మొదలుపెట్టింది. ఈసారి ఉప్పు సరిగ్గా వేసుకుంది.

"ఓలమ్మో, ఎంగిలి పడిపోతంది" అంది ఒకామె. ఇంకొకరు థూ అన్నారు. ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని వెళ్లిపోతున్నారు. మీనా తినడం ఆపలేదు. కంచం ఖాళీ చేసి, మూతి పవిటచెంగుతో తుడుచుకుని, తలెత్తి చూసింది.

మిగిలిన అయిదారుగురి వెనక నుంచి హరిబాబు ముందుకొచ్చాడు. ముంజేతి మీద వెల్డింగ్ కాలిన బొబ్బ. ఆమె ఎదురుగా కింద కూర్చుని చెయ్యి చాపాడు.

"ఎంగిలే బాబాయ్" అంది మీనా.

"సూసినానమ్మా. ఇంకో కన్నుంది కదా నాకు" అన్నాడు. "ఆరోజు నువ్వు సెప్పినావు, నానే ఒద్దన్నాను. ఆ ఒద్దన్న మాటే మా ఒదినని తినీసింది. రాయి."

ఆమె వేలు నాలుక మీద అద్దింది. గుడ్డు సొన రుచి ఇంకా ఉంది. రాసింది.

హరిబాబు ఆ రోజు డ్యూటీకి వెళ్లలేదు. మిగిలినవాళ్లూ కదల్లేదు. గడప ముందే కూర్చుని అతని చేతినే చూస్తూ ఉండిపోయారు. సైరన్ మోగాక ఒకామె వంగి ఆ ముంజేతిని వేలితో తడిమింది. తర్వాత తన బిడ్డ కాలు మీనా ముందుకి జరిపింది.

ఆ రాసే పని అయ్యాక మీనా లోపలికి వెళ్లి రేపటికి కందిపప్పు కొలిచి నానబోసింది. ఇద్దరికి సరిపడా కొలిచానని డబ్బా మూత పెట్టాక చూసుకుంది.