నిలువెత్తు బెల్లం

అయినా ఉద్యోగం రాకముందే మొక్కు చెల్లించడమేమిటి, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అనుకుంటూ భానుచందర్ తరాజు పళ్లెంలో సర్దుకుని కూర్చున్నాడు, మట్టెవాడలోని వాళ్ల కిరాణా కొట్టు ముందు మేడారం జాతరకు మాత్రమే కట్టే పెద్ద తరాజు ఇది, ఒకవైపు మనిషి, మరోవైపు మనిషంత బరువు బెల్లం, ఆ బెల్లాన్నే బంగారమని సమ్మక్క సారలమ్మలకు ఇచ్చుకుంటారు, పొద్దున్నుంచి ఎందరినో తనే తూచాడు, పెళ్లయినవాళ్లు, పిల్లలు పుట్టినవాళ్లు, నౌకరి దొరికినవాళ్లు, అందరికీ ఏదో ఒకటి అయింది, తనకు అయింది ఎం.కామ్ ఒక్కటే, అదీ పోయిన జాతరప్పటికే అయిపోయింది, వద్దమ్మా అంటే అమ్మ వరలక్ష్మి వింటేనా, జాతర మళ్ల రెండేండ్లకు గని రాదు, మొక్కినంక తల్లిని ఎదురుచూపిస్తమా, కూసో, అంది, కూర్చున్నాడు, కాకపోతే పళ్లెం నేలకు జానెడెత్తులోనే వేలాడుతోంది గనుక ఎవరికీ కనబడకుండా కాలివేళ్లు నేలకు ఆనించి ఒంటి బరువు కొంత దించుకున్నాడు, తూకంలో ఏనాడూ మోసమెరగని రామలింగం కొడుకు సొంత తరాజునే మోసం చేస్తున్నాడు, చెయ్యనీ, రాని ఉద్యోగానికి ఇంత బెల్లమెందుకు.

పోయిన వారం ఇంటర్వ్యూకు వెళితే సుబేదారి ఆఫీసులో మేనేజరు కాగితాలు ఇటు తిప్పి అటు తిప్పి, రెండేండ్ల సంది ఏం చేస్తున్నవ్ తమ్మీ, అన్నాడు, చదువుతున్న సార్, చదువు అయిపోయిందని రాసినవ్ గద, పరీక్షలకు చదువుతున్న సార్, ఆయన నవ్వలేదు, నవ్వినా బాగుండేది, ఫోన్ చేస్తం అన్నాడు, ఆ ఫోను ఇప్పుడు జేబులో తొడకు గుచ్చుకుంటోంది, లోను కావాలా అని అడిగేవాళ్లు తప్ప ఎవరూ చెయ్యలేదు, బాపు రామలింగం ఎదుటి పళ్లెంలో ఇంకో బెల్లం ముద్ద పెట్టాడు, సరిగ్గా అప్పుడే పక్క గాజుల కొట్టు చిలుకమ్మ రానే వచ్చింది, ఏం బిడ్డా, నౌకరచ్చిందా, ఏడ, అంది, అమ్మ ఇప్పుడు, వచ్చినట్టే అక్కా, అంటుంది, రేపటి నుంచి బజారంతా జీతమెంతని అడుగుతుంది, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

నౌకరి ఏడిదక్కా, ఇంక రాలే, అంది అమ్మ, బెల్లం ముద్దలకు పసుపు రాస్తూ తలెత్తకుండానే, మరి మొక్కేందే, అని చిలుకమ్మ, నౌకరికని ఎవరు మొక్కిన్రు, పోయిన ఎండకాలం నౌకరి పరీక్ష రిజల్టొచ్చిన దినం పిలగాడు ఫోన్ బందువెట్టి ఎటో పాయె, ఈయన నేను తిరగని జాగ లేదు, నా కొడుకు ఇంటికొస్తే సాలు తల్లీ, నిలువెత్తు బంగారమిస్తనని అప్పుడు మొక్కిన, మాపటికొచ్చి అన్నం పెట్టుమన్నడు, అంది అమ్మ, మామూలుగా, పప్పు ధర చెప్పినట్టు, అతనికి కాజీపేట స్టేషను చివరి బల్ల గుర్తొచ్చింది, వచ్చే రైలునల్లా చూస్తూ, ఎందుకొచ్చాడో తనకే తెలియని ఆ పగలంతా, తర్వాత ఆకలేసింది, ఇంటికి నడిచాడు, అమ్మ ఏమీ అడగలేదు, చారు పోస్తుంటే కంచం దాటి ఒలికింది, గంటె జారిందనుకున్నాడు, అడగలేదు కదా, ఎవరికీ తెలియదనుకున్నాడు, ఇన్నాళ్లూ అనుకున్నాడు, మొక్కు ఏనాడో తీరిపోయింది, తీర్చింది సుబేదారి మేనేజరు కాదు, ఆకలేసి ఇల్లు చేరిన తనే, ఇక్కడ తూగుతున్నది ఉద్యోగం కాదు, మనిషి, ముల్లు నిలిచింది, సరిపోయింది, ఇగ దిగురా, అన్నాడు బాపు, ఆగు బాపూ అని భానుచందర్ కాళ్లు రెండూ ఎత్తి పళ్లెంలోకి ముడుచుకున్నాడు, పళ్లెం ఒక్కసారి కిందికి దిగింది, బాపు అతని కాళ్లకేసి చూశాడు, ఇంకో ముద్ద అందుకున్నాడు.