దొరకని జాన్సన్

వరంగల్ కాశిబుగ్గ చర్చి బాప్తిస్మపు రిజిస్టర్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిని సుందర్ రావు తనంతట తానే నెత్తికెత్తుకున్నాడు. ఎవరూ అడగలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై రెండేళ్లు జనం ఫిర్యాదులు రాసుకుని రిటైరైన మనిషికి ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాలేదు. ఆయన ఊరికే కూర్చుంటే భరించడం భార్య రాహేలుకు చేతకాలేదు.

"ఏదన్న పని చూసుకోరాదయ్యా, కూర ఏ గంటెతోని కలుపుతాన్నో గూడ చూడబడితివి" అని ఆమె అన్న మర్నాడే ఆయన పాస్టరుగారి దగ్గరికి వెళ్లి, చెదలు పట్టిన రిజిస్టర్లు చంకలో పెట్టుకుని వచ్చాడు.

ఎనిమిది నెలలు పట్టింది. నాలుగు వేల నూట పన్నెండు పేర్లు. వాటిని దాచడానికి పెలికన్ అనే డేటాబేస్‌ను ఎంచుకున్నాడు. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎక్కడెక్కడివాళ్లో కలిసి తయారుచేసి, లోపలి రాతంతా బహిరంగంగా పెట్టి, ఎవరైనా వాడుకోండి, తప్పుంటే చెప్పండి అని వదిలేసిన సాఫ్ట్‌వేర్. "పేరు కొడితే చాలు, రెప్పపాటుల మనిషి బయటికొస్తడు" అని సుందర్ రావు ఆదివారం ఆరాధన అయ్యాక కనబడినవాళ్లందరికీ చెప్పాడు. కొందరికి రెండుసార్లు చెప్పాడు.

మొట్టమొదట వచ్చినవాడు జాన్సన్. ఏసీలు బాగుచేసే పని అతనిది. నెక్కొండ పిల్లతో పెళ్లి కుదిరింది, అక్కడి పాస్టరు బాప్తిస్మం సర్టిఫికెట్ తెమ్మన్నాడు.

సుందర్ రావు చొక్కా చేతులు పైకి మడిచి, పేరు కొట్టి, ఎంటర్ నొక్కి, తెరను వదిలేసి జాన్సన్ ముఖం వైపు తిరిగాడు. ఆ ముఖంలో వెలగాల్సిన ఆశ్చర్యాన్ని చూడాలని ఆయన ముచ్చట. వెలుగేమీ రాలేదు.

"సున్నా అంటాంది అంకుల్."

మళ్లీ కొట్టాడు. మళ్లీ సున్నా.

"అంటే, నాకు బాప్తిస్మం కాలేదా?"

"ఎందుకు కాలే! నేను పక్కనే ఉంటిగదరా. నెత్తి మీద నీళ్లు పడంగనే నువ్వు పెట్టిన లొల్లికి అయ్యగారి కండ్లద్దాలు కింద పడె."

"మీకు ఎర్కనే. మీ కంప్యూటర్‌కే ఎర్కలేదు."

పాత రిజిస్టర్ తెరిస్తే జాన్సన్ ఉన్నాడు. తెర మీద జాబితాను పైనుంచి కిందికి జరుపుకుంటూ పోతే అక్కడా ఉన్నాడు. పేరు కొట్టి వెతికితే మాత్రం లేడు. సుందర్ రావు సర్టిఫికెట్‌ను చేత్తో రాసిచ్చి పంపించాడు. సాయంత్రానికల్లా చాయ్ బండి దగ్గర జాన్సన్ కబురు పాకించేశాడు: "సుందర్ రావు అంకుల్ కంప్యూటర్ నన్ను సంఘంల నుంచి వెలేసింది."

ఆ మాట సుందర్ రావుకు ముల్లులా గుచ్చుకుంది. తను కొట్టడంలో తప్పు లేదని నాలుగుసార్లు సరిచూసుకున్నాడు. అయితే తప్పు పెలికన్‌దే. పెలికన్‌లో తప్పులు కనబడితే రాయడానికి ఇంటర్నెట్‌లో ఒక పేజీ ఉంది, అక్కడ ఎవరు రాసినా అందరికీ కనబడుతుంది. సుందర్ రావు ఇంగ్లీషులో ఉత్తరం రాశాడు. గౌరవనీయులైన అయ్యా అని మొదలుపెట్టి, మా సంఘం పునాదిరాయి ఎవరు వేశారో, రిజిస్టర్లకు చెదలు ఎలా పట్టాయో, తన వెన్నునొప్పి సంగతి, జాన్సన్ వాళ్ల నాయన ఎంత మంచివాడో అన్నీ రాశాక, పంపే ముందు రాహేలుకు చదివి వినిపించాడు.

ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఓపికగా విన్నది. "మంచిగున్నది. ఇంతకు ఏమైందని చెప్పినవ్?"

"చివరి పేరాల ఉన్నది."

"అది అందుకున్నోళ్లు అక్కడిదాక చదువుతరంటవా?"

అక్కడిదాకా చదివారు. రెండు రోజులకు జవాబు వచ్చింది. రాసినావిడ పేరు ఇంగ్రిడ్. ఎక్కడో చలిదేశంలో ఉంటూ, పెలికన్‌లో వెతికే భాగాన్ని జీతం లేకుండా చూసుకునే మనిషి. మీ చర్చి గురించి చదివి సంతోషించాను, మీ వెన్నునొప్పి తగ్గాలని కోరుకుంటున్నాను అంటూనే మూడు ప్రశ్నలు వేసింది. పెలికన్ ఎన్నో వెర్షన్ వాడుతున్నారు? ఏం చేస్తే ఇలా అవుతోంది, ఒక్కొక్క మెట్టూ చెప్పగలరా? నాలుగు వేల పేర్లు కాకుండా, తప్పు కనబడేంత అతి చిన్న నమూనా ఇవ్వగలరా?

సుందర్ రావుకు రోషం వచ్చింది. "నేను అబద్ధం చెప్పినట్టు అడుగుతాంది చూడు. లేదన్న తర్వాత లేదు. ఇంక మెట్లేంది?"

రాహేలు చేతిలో చాట పక్కన పెట్టేసి నవ్వింది. చీరకొంగు నోటికడ్డం పెట్టుకున్నా ఆగలేదు. "ముప్పై రెండేండ్లు నువ్వు అందరినీ ఏమడిగినవయ్యా? ఒక ముసలామె ఫోన్ చేసి కొడుకుతోని మాట కలుస్తలేదని ఏడిస్తే, అమ్మా కథ వద్దు, నంబర్ చెప్పు, ఎప్పటిసంది బంద్, సౌండొస్తాందా లేదా అంటివి. ఇంటికొచ్చి గొప్పగ చెప్పుకుంటివి గూడ."

ఆయన లేచి, ఫ్యాను ఒక పాయింట్ తగ్గించి, కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

నిజానికి ఆ పని ఆయనకు బాగా వచ్చిన పనే. లైను తెగితే స్తంభాల మధ్య ఎక్కడ తెగిందో ఎలా కనిపెట్టాలో ఆయనకు తెలుసు, సగం దారికి వెళ్లి, తెగింది ఇటువైపో అటువైపో తేల్చుకోవాలి. జాబితాకు ఒక నకలు తీసి సగం పేర్లు చెరిపేశాడు. జాన్సన్ ఇంకా దొరకలేదు. మిగిలినదాంట్లో సగం చెరిపేశాడు. దొరకలేదు. మరోసారి సగం చెరిపితే జాన్సన్ టక్కున బయటికొచ్చాడు! అంటే తప్పు ఆ చెరిపేసిన సగంలో ఉంది. మూడు రోజులు అలా కోసుకుంటూ పోగా చివరికి రెండే రెండు పేర్లు మిగిలాయి. ఒకటి మన జాన్సన్. రెండోదీ జాన్సనే, 1961లో బాప్తిస్మం పొందిన కేసముద్రం మనిషి. పెద్ద జాన్సన్ జాబితాలో ఉంటే చిన్న జాన్సన్ దొరకడు. పెద్దాయనను తీసేస్తే దొరుకుతాడు.

ఆ రెండు పేర్లనూ ఇంగ్రిడ్‌కు రాసి పంపి, ఆనందం పట్టలేక ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడి, ప్రపంచమంతా వాడే సాఫ్ట్‌వేర్‌లో దేవుడు తన ద్వారా ఒక తప్పును బయలుపరిచాడని చెప్పాడు. పాస్టరుగారు దాని కోసం ప్రార్థన కూడా చేశారు.

సోమవారం ఇంగ్రిడ్ జవాబు వచ్చింది. మీరిచ్చిన రెండు పేర్లతో సరిగ్గా మీరు చెప్పినట్టే చేశాను, నా దగ్గర ఇద్దరూ దొరుకుతున్నారు.

ఆ వారమంతా సుందర్ రావు చాయ్ బండి దారిలో వెళ్లలేదు. వెళ్లకపోయినా లాభం లేకపోయింది, జాన్సన్ ఇంటికే వచ్చాడు. "అంకుల్, ఆ మేడమ్ ఏమన్నది? ఆమె దేశంల నేను దొరుకుతాన్ననట గదా. ఇంక నేను అక్కడికే పోత."

"నువ్వు జర నోరు మూసుకుంటవా?" అన్నాడు సుందర్ రావు. రాహేలు అతనికి చాయ్ ఇచ్చింది. ఇస్తూ ఇస్తూ, భర్త భుజం మీదుగా వంగి తెర మీది ఉత్తరం చూసింది.

"ఈ పేర్లు ఇట్ల ఇంగ్లీషుల ఎందుకు రాసినవ్?"

"ఆమెకు తెలుగొస్తదా? చదువుకోనీకి ఇబ్బందైతదని నేనే ఇంగ్లీషుల రాసి పంపిన."

"మరి రిజిస్టర్ల?"

"తెలుగుల."

రాహేలు తెర మీది ఇంగ్లీషు పేర్ల మీద వేలు పెట్టి చూపించింది. ఇంగ్రిడ్ కంప్యూటర్‌కు ఇంగ్లీషు జాన్సన్ బాగానే తెలుసు. తెలియనిది కాశిబుగ్గ జాన్సన్. మర్యాద కోసం పోయి సుందర్ రావు రోగాన్ని ఇంట్లోనే వదిలి, ఆరోగ్యంగా ఉన్న మనిషిని దవాఖానకు పంపినట్టయింది.

ఈసారి ఆయన తెలుగు పేర్లున్న ఫైలునే పంపాడు. ఉత్తరం ఐదు వాక్యాలు. మర్నాడు పొద్దున ఇంగ్రిడ్ రాసిన జవాబులో మొదటి మాట: దొరికింది.

సంగతేమిటంటే, మొదట్లో సుందర్ రావు జాన్‌సన్ అని, న్ కింద స వత్తుగా దిగకుండా రెండూ విడివిడిగా ఉండేలా కొట్టేవాడు. అలా విడిగా ఉంచాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు పడాలి. కొన్ని నెలల తర్వాత ఆ మీట నొక్కడం విసుగనిపించి, జాన్సన్ అని వత్తుతోనే కొట్టసాగాడు. పెద్దాయన మొదటి రకం, చిన్నవాడు రెండో రకం. పెలికన్ పేర్లను వరుసలో పేర్చేటప్పుడు ఆ కనబడని గుర్తును లెక్కచేయదు, వెతికేటప్పుడు మాత్రం లెక్కచేస్తుంది. అందుకని జాన్సన్ కావాలంటే సరాసరి పెద్దాయన దగ్గరికి వెళ్లి, ఈయన కాదనుకుని, పక్కనే ఉన్న చిన్నవాణ్ణి చూడకుండా వెనక్కి వచ్చేస్తోంది.

ఆ పేజీలోనే కింద ఇంకెవరో రాశారు. పారసీ భాషలో పుస్తకాల జాబితా పెట్టుకున్న లైబ్రేరియన్ ఒకావిడ, ఆ భాష రాతలోనూ ఈ కనబడని గుర్తు పడుతుంది. "నాలుగేళ్లుగా నాకూ కొన్ని పుస్తకాలు దొరకడం లేదు. తప్పు నాదేననుకుని ఎవరికీ చెప్పలేదు." సుందర్ రావు ఆ రెండు వాక్యాలను కండ్లద్దాలు తుడుచుకుని మరోసారి చదివాడు.

సరిచేసే ముందు ఇంగ్రిడ్ ఒక మాట అడిగింది. ఈ రెండూ ఒకే పేరా, రెండు వేర్వేరు పేర్లా? నాకు మీ లిపి తెలియదు, మీరు ఏది చెబితే అది చేస్తాను.

అంత బరువైన ప్రశ్న తన మీద పడేసరికి సుందర్ రావు, వ్యాకరణం చూద్దామా, పాస్టరుగారిని అడుగుదామా అని రెండు రోజులు తిరిగి, చివరికి పేరు ఎవరిదో వాళ్లనే అడగడం న్యాయమనుకుని రైలెక్కాడు. కేసముద్రం మార్కెట్ యార్డులో వాకబు చేస్తే, వడ్ల బస్తాల మూతులకు దబ్బనంతో కుట్లు వేస్తున్న ఒక బక్కపలచని పెద్దమనిషిని చూపించారు. సుందర్ రావు వందనాలు చెప్పి, సంచిలోంచి కాగితం తీసి, రెండు రకాలుగా రాసిన పేరును ఆయన ముందు పెట్టాడు.

"ఈ రెండిట్ల మీ పేరు ఏది అన్నా?"

పెద్ద జాన్సన్ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు. "గిది అడగనీకి వరంగల్ నుంచి వచ్చినవా?"

"అవునే."

"బడిల ఒక తీరు రాసిండ్రు. మా అల్లుడు పెండ్లి కార్డు మీద ఇంకో తీరు కొట్టిచ్చిండు. నేనెవలను ఏమనలే. రెండూ నేనే గదా తమ్మీ. ఎట్ల రాసినా, పిలిస్తే పలుకుత." దబ్బనంలోకి మళ్లీ పురికొస ఎక్కిస్తూ అడిగాడు, "అన్నం తిన్నవా?"

సుందర్ రావు ఆయన టిఫిన్ బాక్సులోంచే తిని, సాయంత్రం బండికి తిరిగొచ్చి ఇంగ్రిడ్‌కు రాశాడు: "ఒకే పేరు. స్వయంగా విచారించాను."

మూడు వారాలకు కొత్త పెలికన్ వచ్చింది. పాస్టరుగారినీ జాన్సన్‌నూ పక్కన నిలబెట్టుకుని సుందర్ రావు పేరు కొట్టాడు. ఈసారి ఎవరి ముఖమూ చూడలేదు, తెరనే చూశాడు. ఇద్దరు జాన్సన్‌లు ఒకరి కింద ఒకరు వచ్చి నిలిచారు.

"వచ్చిన అంకుల్!" అన్నాడు జాన్సన్. ఆ కేకలో ఎగతాళి ఒక్క వీసమెత్తు కూడా లేదు.

కొత్త వెర్షన్‌తో పాటు, అందులో ఏ తప్పును ఎవరు చూపించారో తెలిపే జాబితా కూడా వేశారు. సుందర్ రావు రాహేలును పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి చూపించాడు. ఆమె వేలితో ఒక్కొక్క లైనూ దిగుతూ వచ్చి ఒకచోట ఆగింది. ఆమె భుజాలు కదలడం మొదలైంది.

"ఏందే?"

"నువ్వే చదువుకో."

తెలుగు పేర్లలోని తప్పును కనిపెట్టినవారు సుందర్ రాహు, వరంగల్ అని ఉంది.

ఇంగ్రిడ్ గంటలోపే దిద్ది, మూడుసార్లు క్షమాపణ చెప్పింది. కానీ అప్పటికే రాహేలు దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి జాన్సన్‌కు పంపేసింది. వారం తర్వాత ఇంటికొచ్చిన పెళ్లి కార్డు కవరు మీద, పసుపు పూసిన మూలల మధ్య, గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది: శ్రీ సుందర్ రాహు, శ్రీమతి రాహేలు గార్లకు.

పెళ్లికి పోనే పోనని సుందర్ రావు రెండు రోజులు భీష్మించుకున్నాడు. మూడో రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నెక్కొండ బండి ఎన్నింటికని ఆయనే అడిగాడు.